పిన్ పైన.. మురుగు కింద!

నా ఫిర్యాదు క్లోజ్ అయిందని శనివారం రాత్రి మెసేజ్ వచ్చింది. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే మ్యాన్‌హోల్ అలాగే పొంగుతోంది.

కోపం వచ్చిందా అంటే, వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి సోషల్ మీడియాలో పడేద్దామని టైప్ చేయడం కూడా మొదలుపెట్టా. అప్పుడు కనపడింది అసలు సంగతి. మ్యాప్‌లో నేను పెట్టిన పిన్ మురుగు పొంగే సందులో లేదు. దానికి పైన, గుట్ట మీది రోడ్డులో, ఓ బంగళా గేటు ముందుంది. ఆఫీసు నుంచి వస్తూ ఆ రోడ్డులో ఆటో దిగి, అక్కడే నిలబడి ఫిర్యాదు పెట్టా. ఫోన్ నేనున్న చోటునే పట్టుకుంది. ఎవరైనా వచ్చి చూసుంటే వాళ్లకు కనపడేది శుభ్రమైన రోడ్డు, అప్పుడే నీళ్లు పోసిన పూలకుండీలు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. టెస్టింగ్ వాళ్లు పంపిన బగ్‌ని 'నా దగ్గర రావట్లేదు' అని రాసి ఎన్నిసార్లు క్లోజ్ చేశానో లెక్కలేదు. ఈసారి అవతలి వైపు నేనున్నా, అంతే.

రెండేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో ఓ పెంట్‌హౌస్ గదిలో అద్దెకుంటున్నా. కానీ ఏరియాని చూసిందంతా క్యాబ్ అద్దంలోంచి, ఫోన్ మ్యాప్‌లోంచి. పిన్ ఎక్కడ తప్పుతోందో కాళ్లతోనే తెలుసుకుందామని ఆ ఆదివారం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇంటికి నడవడం మొదలుపెట్టా.

కేబీఆర్ పార్క్ పక్కగా వెళ్తుంటే ముందు రోడ్ నంబర్ 45 జంక్షన్ వస్తుంది. 2020లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఐటీ కారిడార్‌కి ఇదే దగ్గరి దారి. ఇంకాస్త ముందుకెళ్తే ఫిల్మ్‌నగర్ జంక్షన్. జూబ్లీహిల్స్‌లో వీధులకు పేర్ల కంటే నంబర్లే ఎక్కువ. 1960లలో హౌసింగ్ సొసైటీ పెట్టి, రాళ్లగుట్టల మీద ప్లాట్లు వేసినప్పటి సంగతి ఇది. ఆ నంబర్లు వరుసగా ఉంటాయనుకుంటే మాత్రం తిప్పలే. 36 నుంచి 45కి వెళ్లడానికి మధ్యలో 40 దాటాలనేం లేదు. అయినా ప్రతి గేటుకీ ఓ ప్లాట్ నంబరు, ఓ రోడ్ నంబరు ఉన్నాయి. ఇక్కడ వీధి దీపం పోతే ఒక్క లైనులో అడ్రస్ చెప్పేయొచ్చు.

ఫిల్మ్‌నగర్ వైపు తిరగ్గానే ఎక్కడం, దిగడం మొదలవుతుంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాద్‌కి మారాక ఫిల్మ్ ఛాంబర్ ఇక్కడికే చేరింది. 1989లో గుట్ట మీద రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. స్టూడియోలు ఉంటే హీరోలు, డైరెక్టర్లు మాత్రమే చాలరు కదా. లైట్‌మ్యాన్‌లు, సెట్ వేసే వడ్రంగులు, ప్రొడక్షన్ బాయ్‌లు, డ్రైవర్లు, బంగళాల్లో వంట చేసేవాళ్లు కావాలి. వాళ్లలో చాలామంది కృష్ణానగర్‌లో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో సర్దుకున్నారు. ఈ బస్తీల్లో కొన్నిచోట్ల ఇల్లు పక్కన ఇల్లు ఉండదు, ఇల్లు కింద ఇల్లు ఉంటుంది. మధ్యలో మెట్లు. అడ్రస్ అడిగితే 'టెంట్‌హౌస్ ఎదురు సందు, నీళ్ల ట్యాంకు పక్క మెట్లు దిగితే మూడోది' అంటారు.

పిన్ తప్పేది సరిగ్గా ఇక్కడే. మ్యాప్ మీద పిన్ పెట్టి వీధి సమస్య చెప్పే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్ 2007లో మొదలైంది. చుట్టుపక్కల మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడిందీ ఆ ఏడాదే. మన 'మై జీహెచ్‌ఎంసీ' యాప్ 2016లో వచ్చింది. కానీ ఏ యాప్‌లోనైనా మ్యాప్ మీది పిన్‌కి కుడి ఎడమలు తెలుస్తాయి, ఎత్తు పల్లాలు తెలియవు. పై రోడ్డుకీ కింద సందుకీ నిలువునా రెండంతస్తుల తేడా ఉన్నా, మ్యాప్‌లో అవి పక్కపక్కనే.

మెట్లు దిగి మ్యాన్‌హోల్ దగ్గరికెళ్లా. ఈసారి కరెక్ట్‌గా దాని పక్కనే నిలబడి ఫొటో తీయబోయా.

"ఏం బిడ్డా, ఫొటో ఎందుకు తీస్తున్నవ్?"

పక్కనే ఇడ్లీ బండి. ఆమెను రోజూ చూస్తూనే ఉంటా, ఎన్నోసార్లు తిన్నా కూడా.

"ఈ మురుగు గురించి కంప్లయింట్ పెడదామని అమ్మా."

"పెట్టు. మా బండి రానీయకు ఫొటోల."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "మోరి కోసం వస్తరు, మోరి పక్కన బండి ఎందుకుందంటరు. మోరి బాగైతదో కాదో గానీ నా బండి పోతది. గందుకే ఇన్ని రోజులు మేం ఎవ్వలం ఫోన్ చెయ్యలే."

ఫోన్ కిందికి దించేశా. ఇంతకుముందు తీసిన ఫొటో తెరిచి చూస్తే, సగం ఫ్రేమ్ నిండా ఆమె బండే ఉంది. పేరు, ఇడ్లీల రేటు కూడా చదవొచ్చు. నాకది రెండు నిమిషాల పని. పిన్ తప్పిందని ఆదివారమంతా నన్ను నేను తిట్టుకుంటున్నా. ఆ పిన్ కరెక్ట్‌గా పడుంటే ఏమయ్యేదో అప్పటిదాకా తట్టనే లేదు.

ఆ ఫొటో డిలీట్ చేశా. కింద కూర్చుని, మూత, దాని చుట్టూ నీళ్లు మాత్రమే పడేలా ఇంకోటి తీసి ఆమెకు చూపించా. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "మ్, గిది పంపు" అంది.

పంపేముందు తెలిసిన ఇంకో విషయం. హైదరాబాద్‌లో మురుగు లైన్లు చూసేది జలమండలి, నంబరు 155313. చెత్త, రోడ్డు గుంతలు, వీధి దీపాలు జీహెచ్‌ఎంసీవి, 040-21111111. తీగ తెగినా, స్తంభం ఒరిగినా కరెంటు వాళ్లకి 1912. పొంగేది మ్యాన్‌హోలా, వాన నీటి కాలువా అన్నది కూడా చూసుకోవాలి. చూడ్డానికి రెండూ నల్లటి నీళ్లే, విభాగాలు మాత్రం వేరు. ఈసారి పిన్‌తో పాటు ఇలా రాశా: 'పై రోడ్డు కాదు. నీళ్ల ట్యాంకు పక్క మెట్లు దిగాక, కింద సందు. వచ్చే ముందు ఫోన్ చేయండి, నేనొచ్చి చూపిస్తా.'

మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. ఎయిర్‌టెక్ బండి సందులోకి పట్టదు. పైన రోడ్డులో ఆపి, పైపు మెట్ల మీదుగా కిందికి లాగారు. లోపల్నుంచి ఇసుక, సిమెంటు పెళ్లలు, ప్లాస్టిక్ కవర్లు బయటికొచ్చాయి. పనివాళ్లలో ఒకాయన చెప్పాడు: పైన ఎక్కడ కట్టడం జరిగినా మట్టి లైన్లోకి వస్తుంది. వాన నీళ్లను కూడా కొందరు మురుగు లైన్లోకే వదిలేస్తారు. "పైన కడిగిందంతా కిందికే కదా సార్ వచ్చేది" అన్నాడు మూత వేస్తూ. బండి గురించి ఎవరూ అడగలేదు. ఆమె అందరికీ చాయ్ పోయించింది.

అంటే సమస్య తీరిపోయినట్టేనా? నాకు నమ్మకం లేదు. ఈ సందు బాగుండాలంటే పై రోడ్డు వాళ్లు కూడా ఫిర్యాదు చేయాలి. వాళ్ల గేటు ముందు నీళ్లు నిలవవు కాబట్టి వాళ్లకీ సంగతి తెలియదు. రెండేళ్లు నాకూ తెలియలేదు. ఇప్పుడు పైన ఎక్కడ ఇసుక కుప్ప కనపడినా, అది ఏ మూత వైపు జారుతుందో చూస్తున్నా.

నిన్న ఇడ్లీ తింటుంటే ఆమె మెల్లగా అడిగింది. "బిడ్డా, మెట్ల కాడ లైటు గూడ వెలుగుతలేదు. నైట్ షూటింగ్‌ల నుంచి వచ్చే పోరగాండ్లు పడుతున్నరు. గది గూడ పెడ్తవా?"

"పెడతా అమ్మా. స్తంభం మీద నంబరేమైనా ఉందా? చూసొస్తా."

"చూసుడెందుకు?" అని, గరిట పక్కన పెట్టి, నంబరంతా నోటికి చెప్పేసింది.