ఖుసూర్ చెయిన్‌ది కాదు

మా అబ్బాకి గుంటూరులో సైకిల్ దుకాణం ఉండేది. గంటకింతని కిరాయికిచ్చే సైకిళ్ళు ఓ పదిహేను, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, గోడకి వేలాడే పాత టైర్లు. ఎవరైనా తొక్కుకుంటూ గల్లీ మలుపు తిరిగితే చాలు, అబ్బా తల ఎత్తకుండానే "కాటర్ పిన్ను లూజు" అనేవారు. పెడల్ ఒక చుట్టుకి ఒక టక్కు వస్తే కాటర్ పిన్ను. చక్రం ఒక చుట్టుకి ఒకసారి రాసుకుంటే రిమ్ము వంకర. తొక్కడం ఆపాక కూడా మోగితే ఫ్రీవీలు. ఆయన ఇల్మ్ అంతా చెవిలోనే ఉండేది. ఆ చెవి నాకు విరాసత్‌గా వచ్చిందని నా గుమాన్. ఆ గుమాన్ వల్ల ఒక పిల్లాడి జీతం కోతపడింది. అది చెప్పుకోవడానికే ఈరోజు కూర్చున్నాను.

మా ఛోటా భాయ్ దోహాలో ఉంటాడు. అక్కడ నాలుగేళ్ళు తొక్కిన కార్బన్ రోడ్ బైకుని పోయినసారి సెలవుల్లో తెచ్చి, "భాయిజాన్, మీకు షుగర్ వచ్చింది, తొక్కండి" అని మా టోలిచౌకి ఇంట్లో వదిలి వెళ్ళాడు. దాని ఖీమత్ తెలిసిన రోజు మా బేగం, "ఇంత పెట్టి ఇంజను లేని బండి కొన్నాడా?" అని రెండు రోజులు ఆశ్చర్యపోతూనే ఉంది. నాకు మాత్రం ఇష్క్ పుట్టింది. ఫజర్ చదివి బయల్దేరి, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది చూడండి, అక్కడికి పోతాను. ఆ నీడ కింద, ఆ నిశ్శబ్దంలో, బండి మీద వెళ్తుంటే చెయిన్ పాకే సన్నని సరసర తప్ప ఏమీ వినబడదు. అందుకే చిన్న ఆవాజ్ వచ్చినా ప్రాణం మీదకి వస్తుంది.

ఒక ఉదయం వచ్చింది. లేచి నిలబడి ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి కిట్... కిట్... అని. కూర్చుని మెల్లగా తొక్కితే పోతుంది. బలం పెడితే మళ్ళీ కిట్.

సరిగ్గా వారం ముందు చెయిన్ మార్పించాను. దుకాణంలో పనిచేసే కుర్రాడు, ఇరవై కూడా ఉండవు, కొలిచే రేకు పెట్టి చూపించి మరీ మార్చాడు. పదకొండు గేర్ల చెయిన్ 0.5 శాతం సాగితే మార్చేయాలి, లేకపోతే అది వెనక పళ్ళని కూడా తినేస్తుంది. వాడు చెప్పింది అక్షరాలా సహీ. కానీ నాకు లెక్క సూటిగా కనబడింది: చెయిన్ కొత్తది, ఆవాజ్ కొత్తది, చెయ్యి వాడిది.

దుకాణానికి వెళ్ళి నలుగురు గిరాకీల ముందు, "పని రానివాళ్ళ చేతికి లక్షల బండి ఎలా ఇస్తారు?" అన్నాను. మాలిక్ నా ముందే వాణ్ణి కేకలేశాడు. వేరే చెయిన్ వేయించి, మొదటి చెయిన్ డబ్బు, మూడు వేలకు దగ్గర, వాడి జీతంలో కోస్తానన్నాడు. కుర్రాడు ఒక్కసారి మాత్రం, "సాబ్, చక్రం ఒకసారి విప్పి చూద్దామా?" అన్నాడు. "చక్రం సంగతి నాకు తెలుసు" అన్నాను. నిజమే, తెలుసు. ఆ చక్రం బిగించింది నేనే మరి.

రెండో చెయిన్‌తో కూడా మూడో రోజు కిట్ కిట్ అంది.

అప్పుడైనా సబర్‌గా ఒకటొకటిగా వెతకాల్సింది కదా. శర్మ్ అడ్డొచ్చి దుకాణానికి పోలేక, ఇంటి డాబా మీద మొదలుపెట్టాను. కార్బన్ ఫ్రేమ్ లోపల బోలు, ఢోలక్ లాంటిది. ఆవాజ్ ఎక్కడో పుడుతుంది, ఇంకెక్కడో వినబడుతుంది. సీటు కింద ఉందనుకున్నది పెడల్‌లో ఉండొచ్చు. కాబట్టి ముందు లేచి నిలబడి తొక్కాను, ఆవాజ్ ఉంది, సీటు బేఖుసూర్. పెడల్ చుట్టుకి ఒకసారి లెక్కన రావడం లేదు, క్రాంకు కాదు. తొక్కడం ఆపి బండిని వదిలేస్తే నిశ్శబ్దం, బేరింగులు కాదు. వెనక గేరు మార్చే డిరైలర్ వేలాడే కొక్కెం వంగినా చెయిన్ పక్క పళ్ళకి గీసుకుంటుంది. అది నిటారుగానే ఉంది. తీగ మర సగం సగం తిప్పి చూశాను, తేడా లేదు. ఇక్కడో ఫరక్ కూడా చెప్పాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చెయిన్ వేస్తే ఆవాజ్ రావడమే కాదు, బలం పెట్టినప్పుడు చెయిన్ ఎగిరిపడుతుంది, కాలు ఒక్కసారిగా జారుతుంది. నాకు ఎగరడం లేదు. అంటే పళ్ళూ చెయినూ ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయి. చెయిన్ మీద నేను వేసిన ఇల్జామ్ ఇక్కడే కొట్టుకుపోయింది.

చివరికి తమ్ముడి పాత చక్రాన్ని దాని క్యాసెట్‌తో సహా ఎక్కించి ట్రాక్ మీదకి వెళ్ళాను. అదే చెయిన్, అదే ఎత్తు. వెళ్ళినంత దూరం సరసర తప్ప ఏమీ లేదు.

నాలుగు నెలల కింద నేను ఒకతని దగ్గర తేలికపాటి చక్రాల జత సెకండ్ హ్యాండ్‌లో కొని, ఒక దోస్త్ దగ్గర పనిముట్లు అడిగి తెచ్చి, నా చేతులతో క్యాసెట్ బిగించాను. ఆ చక్రం తెచ్చి ముందేసుకుని, పెద్ద పళ్ళచక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపితే సన్నగా కదిలింది. లాక్‌రింగ్‌కి పానా పెట్టగానే, గట్టిగా బిగించిన రింగు విప్పితే వచ్చే కిర్రుమనే శబ్దం లేకుండా, అచార్ సీసా మూత తిరిగినట్టు తిరిగొచ్చింది. ఆ రింగు మీద 40 న్యూటన్ మీటర్లు అని అచ్చు వేసే ఉంది. ముప్పై సెంటీమీటర్ల రెంచి చివర దాదాపు పద్నాలుగు కిలోల బరువు వేలాడదీసినంత బలం. నేను పెట్టింది అందులో సగమైనా ఉందో లేదో.

చక్రాలు ఊడదీస్తుంటే చిన్న పళ్ళు బయటికి రాలేదు. కొట్టి తీయాల్సి వచ్చింది. హబ్ మీద క్యాసెట్ కూర్చునే భాగం తేలిక కోసం అల్యూమినియంతో చేస్తారు, పళ్ళచక్రాలు ఉక్కువి. పెద్దవి నాలుగైదు కలిపి ఒకే చట్రం మీద ఉంటాయి కాబట్టి బలం పంచుకుంటాయి. విడివిడిగా ఉండేవి ఒక్కోటి, బిగింపు చాలకపోతే, నేను నిలబడి తొక్కిన ప్రతిసారీ ముందుకి నెట్టుకుని ఆ మెత్తని లోహంలోకి దిగుతాయి. గాళ్ళ మీద వరసగా గాట్లు, కత్తిపీట మీద పడ్డ గాట్లలా. ప్రతి కిట్టూ అందులోనే పుట్టింది. దానికితోడు పూర్తిగా పొడిగా ఉంది, నేను ఒక్క చుక్క గ్రీజు కూడా రాయలేదు.

(దోస్త్ ఒకడు వాషర్ మర్చిపోయావేమో అన్నాడు. పది గేర్ల క్యాసెట్‌ని పదకొండు గేర్ల రోడ్ హబ్ మీద వేస్తే 1.85 మిల్లీమీటర్ల వాషర్ కావాలి, అది లేకపోతే రింగు బిగిసినట్టే ఉండి క్యాసెట్ లూజుగా ఉంటుంది. నాది పదకొండు మీద పదకొండే. ఆ బహానా కూడా దొరకలేదు.)

సన్న ఆకురాయితో గాట్ల అంచులు నున్నగా చేశాను. లోతు మరీ ఎక్కువైతే ఆ భాగమే మార్చాలి, నావి ఇంకా అంత దూరం పోలేదు. కిరోసిన్‌తో కడిగి, గాళ్ళ మీదా రింగు మరల మీదా పల్చగా గ్రీజు రాసి, ఈసారి టార్క్ రెంచి తెచ్చి 40కి బిగించాను. చివర్లో కిర్ కిర్ మని రింగు పళ్ళు పట్టాయి. పొద్దున్నే వెళ్ళొచ్చాను. ఆవాజ్ లేదు.

సంతోషం రాలేదు. చిన్నప్పుడు గిరాకీలు అబ్బాని, "పని రాకపోతే దుకాణం ఎందుకు మియా?" అన్న రోజులు గుర్తొచ్చాయి. నేను స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. అబ్బా చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఏమీ అనేవారు కాదు.

జుమా మర్నాడు వెళ్ళాను. గిరాకీలు ఉన్నారు. ఎవరూ లేనప్పుడు చెబుదామని ఒక పావుగంట గుమ్మంలో నిలబడి, అది కూడా దొంగతనమే అనిపించి, లోపలికెళ్ళి మాలిక్‌తో అందరి ముందే చెప్పాను. "గలతీ నాది. చక్రం నేనే బిగించాను, నేనే లూజుగా బిగించాను. ఈ పిల్లాడి పని ఠీక్‌గా ఉంది." కవరులో డబ్బు పెట్టి కుర్రాడి ముందు పెట్టాను. "బేటా, ఇది నీ హక్. మాఫ్ చెయ్యి."

వాడు కవరు వెంటనే తీసుకోలేదు. "చక్రం తెచ్చారా సాబ్?" అన్నాడు.

తెచ్చాను. వాడు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని పళ్ళని ఊపి చూశాడు, వెనక్కి తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సహీ బిగించారు" అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి మేకుకి వేలాడుతున్న ఒక చెయిన్ తెచ్చాడు. నేను తీయించిన మొదటి చెయిన్. పైసలు తనవే కదా అని ఇంటికి తీసుకెళ్ళాడట, తమ్ముడి సైకిల్‌కి వేద్దామని చూస్తే ఆ సైకిల్ పళ్ళు వెడల్పు, ఇది సన్నం, పట్టలేదట.

కొలిచే రేకు పెట్టి చూపించాడు. 0.5 వైపు కొసైనా లోపలికి దిగలేదు.

"పక్కన పెట్టుకోండి సాబ్, ఇప్పుడున్నది అరిగాక పనికొస్తుంది. కొత్త లింకు వెయ్యాలి, పాత లింకు మళ్ళీ వాడకూడదు."

"అప్పుడు నువ్వే వెయ్యాలి" అన్నాను.

"ముందు ఫోన్ చేసి రండి" అని కవరు జేబులో పెట్టుకుని, పక్కనున్న గిరాకీ బండి స్టాండుకి ఎత్తాడు.