బందరు: హజ్ ఓడలు బయలుదేరిన రేవు

కూర్మన్నపాలెంలో నివసించేవారికి ఓడరేవు అంటే ఆకాశాన్నంటే క్రేన్లు, బొగ్గు ధూళి, రాత్రంతా ఆగని లారీల మోత. ఒకవైపు ఉక్కు కర్మాగారం, దానికి ఆనుకుని గంగవరం రేవు, మరికొంత దూరంలో విశాఖ రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో తెలుగునేల నుండి హజ్ యాత్రికుల ఓడలు ఏ రేవులో తెరచాప ఎత్తేవని పై తరగతి విద్యార్థులను అడిగితే అందరూ విశాఖ పేరే చెప్పారు. వారి తప్పేమీ లేదు, కళ్లముందున్నదే చెప్పారు. అందుకే వేసవి సెలవులు రాగానే నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని మచిలీపట్నం బయలుదేరాము.

పాత రేవుపట్టణం చూడాలంటే ఇటలీ పోవాలని చాలామంది అనుకుంటారు. వెనీసు నగరపు సముద్రవర్తకాన్ని గురించి, అక్కడి మేడలను, భోజనాలను, ద్రాక్షమద్యాలను గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాస్తాయి. ఆ వెనీసు వర్తకుడే అయిన మార్కోపోలో 13వ శతాబ్దం చివర మన మోటుపల్లి రేవును గురించి రాస్తూ, ఇక్కడి సన్నని వస్త్రాలను సాలెగూటితో పోల్చి మెచ్చుకున్నాడు. వెనీసు నుండి వచ్చినవాడికి మన బట్ట అబ్బురమైంది. ఆ బట్ట పుట్టిన తీరాన్ని మన పిల్లలు ఒక్కసారైనా చూడకపోతే ఎలా?

దువ్వాడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి గుడివాడ దాటుతాము. అక్కడి నుండి రెండువైపులా వరికోతలు ముగిసిన మాగాణులు, మధ్యమధ్య చేపల చెరువులు. స్టేషన్ దిగి, ఫజ్ర్ నమాజు ముగించుకుని ఊళ్లోకి నడిచాము.

ముందుగా పేరు సంగతి. ఈ ఊరిని కృష్ణాజిల్లా వాసులు బందరు అంటారు. 'బందర్' ఫార్సీ పదం, రేవు అని అర్థం. ఇరానులోని బందర్ అబ్బాసులో ఉన్నదీ ఆ పదమే. మతంతో నిమిత్తం లేకుండా ఈ ప్రాంతపు రైతు, కూలీ, వర్తకుడు అందరూ రోజుకు పదిసార్లు ఒక ఫార్సీ మాట పలుకుతూ, అది పరాయిదని ఎన్నడూ తలపోయరు. భాషలు ఇలాగే కలిసిపోతాయి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రం మీద ఉన్న ప్రధాన ద్వారం ఇదే. 1591లో చార్మినారు కట్టిన వంశానికి రాబడి తెచ్చిన దారుల్లో బందరు దారి ముఖ్యమైనది. ఇక్కడి నుండి అద్దకం బట్టలు, బియ్యం, ఇనుము, ఉక్కు ఎర్రసముద్రపు మోఖా రేవుకు, పారశీకానికి, తూర్పున అరకానుకు, సుమత్రాకు వెళ్లేవి. ఎర్రసముద్రం వైపు సాగే సుల్తానుల ఓడలలో సరుకుతోబాటు హజ్ యాత్రికులు ఉండేవారు, మక్కా మదీనాల పేదలకు పంచవలసిన దానధర్మాలు ఉండేవి. ప్రయాణం ఎప్పుడన్నది గాలి నిర్ణయించేది. ఈశాన్యపు గాలి వీచే చలికాలంలో ఇక్కడ బయలుదేరి, నైరుతి గాలి పట్టుకుని తిరిగి రావాలి. ఆ గాలుల కాలానికి అరబ్బులు పెట్టిన పేరు 'మౌసిమ్'. ఆంగ్లేయులు 'మాన్సూన్' అన్నదీ దానినే. నేడు విమానంలో కొన్ని గంటల్లో జిద్దా చేరేవారు, మంచినీటి పీపాలు లెక్కపెట్టుకుంటూ నెలల తరబడి నీటి మీద గడిపిన ఆ యాత్రికులను ఒకసారి తలచుకోవాలి.

ఈ రేవులో ఎదిగినవారిలో మీర్ జుమ్లా కథ విద్యార్థులకు ఎంతో నచ్చింది. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో ఒక బీద నూనెవర్తకుని ఇంట పుట్టి, వజ్రాల వర్తకుని వద్ద లెక్కలు రాసే పనిలో చేరి గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. 1630ల్లో మచిలీపట్నం పాలనాధికారి అయ్యాడు, సొంత ఓడలు నడిపాడు, గోల్కొండ ప్రధానమంత్రి పదవినందుకున్నాడు. చివరకు సుల్తానుతో చెడి మొగలుల కొలువులో చేరి, బెంగాలు సుబేదారుగా అస్సాము దండయాత్ర నుండి తిరిగి వస్తూ 1663లో మరణించాడు. "నూనె అమ్మేవారి అబ్బాయి కదా, అంత ఎత్తుకు ఎలా ఎదిగాడు ఉస్తాద్?" అని అందరిలో చిన్నవాడు అడిగాడు. లెక్కలు బాగా వచ్చు నాన్నా, అన్నాము. గణితమంటే మొహం చాటేసే పిల్లవాడు అతడు. జవాబు అక్కడితో ఆపాము.

బందరు కోట ఊరికి దూరంగా, సముద్రం వైపు ఉంది. కోట అనగానే గోల్కొండ వంటి గోడలు ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. తుప్పల మధ్య కూలిన ఇటుక గోడలు, పైకప్పు లేని గదులు, పెచ్చులూడిన కమానులు మాత్రమే మిగిలాయి. 1611లో ఆంగ్ల కంపెనీ కోరమండల్ తీరంలో తన తొలి వర్తకశాల పెట్టింది ఈ ఊళ్లోనే. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు సేన ఫ్రెంచివారి నుండి ఈ కోటను పట్టుకున్నది కూడా ఇక్కడే. ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల చేతికి పోవడానికి ఆ విజయం దారి తీసింది. ఊళ్లోని డచ్చివారి శ్మశానం మాత్రం చూడదగ్గది. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, పొడవైన రాతలు చెక్కి ఉన్నాయి. లాభం కోసం సముద్రాలు దాటి వచ్చి, ఈ నల్లమట్టిలోనే మిగిలిపోయిన మనుషులు.

ఇంత ఖ్యాతి ఎందుకు పోయిందని అడిగేవారికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేము. ఇది మొదటి నుండీ లోతైన రేవు కాదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవల మీద సరుకు ఒడ్డుకు చేరేది. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు తీరాన్ని మరింత మెరక చేసింది. గోల్కొండ 1687లో పడిపోయింది, వర్తకం మద్రాసుకు తరలింది. ఆ పైన 1864 నవంబరు 1 రాత్రి తుపాను తెచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించారు. 1977 దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దలు ఇంకా ఈ జిల్లాలో ఉన్నారు. వారి ముందు సముద్రపు అందాలు వర్ణించాలంటే నోరు రాదు.

భోజనం సంగతి చెప్పకపోతే పాఠకులైన సోదరీమణులు ఊరుకోరు. మధ్యాహ్నం మిత్రుల ఇంట బగారా అన్నం, దాల్చా, చేపల పులుసు. ఎండ దెబ్బకు సుగంధి షర్బత్. మద్యం ఊసెత్తే ప్రయాణ రచయితలు ఆ షర్బత్ ఒక గ్లాసు తాగి చూడాలి. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. శనగపిండిని కారప్పూసలా నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ తొక్కి చుడతారు. అందుకే తొక్కుడు లడ్డు అన్న పేరు. ఉత్తరాది నుండి వచ్చిన బొందిలీలు ఈ విద్య తెచ్చారని ఊరివారంటారు. గోధుమపాలతో చేసే నల్ల హల్వా కూడా కొనండి, కానీ ముందుగా రుచి చూసి కొనండి. అన్ని దుకాణాల నెయ్యీ ఒకటి కాదు.

తిరుగుదారిలో పెడనలో దిగాము. మాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన పూట అది. కలంకారీ అన్న మాటలో కలం ఉన్నా, ఇక్కడ పని చేసేది టేకు చెక్క అచ్చు. కలంతో గీసే పద్ధతి శ్రీకాళహస్తిది, అక్కడ పురాణగాథలు బట్టకెక్కుతాయి. పారశీకపు కొనుగోలుదారుల అభిరుచికి పెరిగిన బందరు అద్దకంలో తీగలు, పూలు, ఆకులు ఎక్కువ. నమాజు చదివే జానిమాజులు, మిహ్రాబు ఆకృతి గల తెరలు ఇక్కడ అచ్చొత్తి ఇరానుకు పంపేవారు.

మేము కలిసిన పెద్దాయన డెబ్బై దాటినవారు. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఎండబెడతారు. పాల జిడ్డు వల్ల రంగు పాకదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులిస్తే నలుపు. పటిక అద్దిన చోట, రాగి కాగులో ఉడికాక ఎరుపు తేలుతుంది. తరువాత పారే నీటిలో ఉతకాలి. "నిలవ నీళ్లలో జాడిస్తే బట్టంతా మసకే మౌలానా గారూ," అన్నారాయన.

వారి దుఃఖం వేరు. వారం రోజుల పనిని తెర అచ్చు యంత్రం గంటలో ముగిస్తుంది. ఆ బట్టనే కలంకారీ అని సగం ధరకు అమ్ముతున్నారు. మనుమడు గల్ఫ్ వీసా కోసం ప్రయత్నిస్తున్నాడు. "మీరైనా చెప్పండి, ఉండమని," అన్నారు. ఆ కుర్రవాడు అక్కడే నిలబడి ఉన్నాడు. నెలకు ఎంత మిగులుతుందో అతడు మాకు లెక్క చెప్పాడు. ఆ లెక్క విన్నాక ఉండమని చెప్పే హక్కు మాకు లేదనిపించింది. కాని ఒక మాట అమ్మేవారికీ కొనేవారికీ చెప్పవలసి ఉంది. యంత్రపు బట్టను యంత్రపు బట్టగా అమ్మితే అది వర్తకం. చేతిపని అని చెప్పి అమ్మితే అది మోసం, ఆ లాభం హలాల్ కాదు. కొనే ముందు బట్టను తిరగేసి చూడండి. చేతి అద్దకంలో రంగు వెనుకవైపుకు కూడా దిగుతుంది, అచ్చుకు అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. ఆ తేడా లోపం కాదు, మనిషి చెయ్యి పడిన ఆనవాలు.

మంగినపూడి దగ్గర కొత్త రేవుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే మా మనవడు అక్కడే పని చూసుకుంటాడేమో అని పెద్దాయన ఆశ. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ల మధ్య ఉండే మాకు, అలాంటి ఆశలు ఎన్నేళ్లు ఎదురుచూస్తాయో తెలుసు. ఆయన ముందు ఆ మాట అనలేదు.

మద్రసా కోసం నాలుగు జానిమాజులు కావాలన్నాము. మిహ్రాబు అచ్చు వాడి చాలా ఏళ్లయిందంటూ ఆయన అటక ఎక్కించి మనుమడి చేత వెదికించారు. బూజు దులిపి చూస్తే అంచున చిన్న పగులు తప్ప అచ్చు బాగానే ఉంది. బయానా ఇవ్వబోతే పుచ్చుకోలేదు. కాలువకు ఇప్పుడు నీళ్లు కట్టేశారు, జూన్ దాటి నీళ్లు వదిలాక ఉతికి పంపుతామన్నారు.