దాదీ స్వరం కోసం

ఆడియో ఇంటర్‌ఫేస్ అనగానే చాలామందికి పాటల స్టూడియోలు గుర్తుకు వస్తాయి. మా ఇంట్లో దాని అవసరం ప్రవక్తల గాథల కోసం ఏర్పడింది.

అమ్మీకి పార్కిన్సన్స్ వ్యాధి సోకి నాలుగేళ్లయింది. ఈ వ్యాధిలో చేతుల వణుకు బయటివారికీ కనిపిస్తుంది; గొంతు సన్నగిల్లడం మాత్రం ఇంటివారికే ముందుగా తెలుస్తుంది. ఆమె వాక్యాన్ని స్పష్టంగానే మొదలుపెడతారు, చివరికి వచ్చేసరికి శ్వాస మాత్రమే మిగులుతుంది. మా పిల్లలకు తెలుగు చదవడం సరిగా రాదు, ఉర్దూ అంతంత మాత్రం. యూసుఫ్ (అలైహిస్సలాం) బావిలో పడిన ఉదంతమైనా, యూనుస్ (అలైహిస్సలాం) చేప కడుపులో చేసిన దుఆ అయినా వారికి తెలిసింది దాదీ నోటి తెలుగులోనే. అల్లాహ్ ఆమెకు ఆయుష్షు ప్రసాదించుగాక! అయితే ఆయుష్షు ఉన్నా స్వరం ఉంటుందన్న హామీ లేదు. అందుకే వాటిని ఇప్పుడే రికార్డు చేసి భద్రపరచాలని నిశ్చయించుకున్నాము. బయట వినిపించడానికి కాదు, ఇంటివరకే.

మొదట ఫోనులో ప్రయత్నించాము. ఫోను తనంతట తానే శబ్దాన్ని పెంచుతూ, తగ్గిస్తూ పోయింది. రొదను తొలగించడానికి అందులో ఉన్న ఏర్పాటు అమ్మీ మాటల చివరలను కూడా రొదగానే లెక్కగట్టింది. యూనుస్ (అలైహిస్సలాం) దుఆ దగ్గర ఆమె గొంతు తగ్గించి చెబుతారు. సరిగ్గా ఆ భాగమే వినబడలేదు.

మైకు నుండి వెలువడే విద్యుత్ సంకేతం అతి బలహీనమైనది. దానిని పెంచి, అంకెల రూపంలోకి మార్చి, యూఎస్‌బీ తీగ ద్వారా కంప్యూటర్‌కు అందించడమే ఇంటర్‌ఫేస్ పని. ఆ పెంచే భాగాన్ని ప్రీయాంప్ అంటారు. అది ఎంత పెంచగలదో డెసిబెల్‌లలో చెబుతారు. దానినే గెయిన్ అంటారు. 6 డెసిబెల్‌లు పెరిగితే సంకేతం దాదాపు రెట్టింపవుతుంది. మామూలు గొంతు ఉన్నవారికి ఏ ఇంటర్‌ఫేస్ అయినా ఇంచుమించు సరిపోతుంది. సన్నని గొంతుకే అసలు పరీక్ష.

కోఠీలో ఒక దుకాణదారు కండెన్సర్ మైకు, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ కలిపిన పెట్టెను ముందుంచాడు. కండెన్సర్ మైకుకు ఇంటర్‌ఫేస్ నుండి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. అది సున్నితమైనది కనుక సన్నని గొంతును తేలికగా పట్టుకుంటుంది. అంతే తేలికగా ఫ్యాను గాలినీ, వంటింటి కుక్కర్ కూతనూ, వీధిలో ఆటో చప్పుడునూ పట్టుకుంటుంది. గోడలకు స్పాంజీ అతికించిన గదిలో అది మంచిదే. మా ఇంట్లో అటువంటి గది లేదు.

అందువల్ల డైనమిక్ మైకు వైపు మొగ్గాము. సభా వేదికల మీద తరచుగా కనిపించే షూర్ ఎస్‌ఎమ్ 58 ఆ కోవకు చెందినదే. 1966 నుండి తయారవుతోంది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంచితే దగ్గరి గొంతే ప్రధానంగా వినిపిస్తుంది, గది వెనక్కి తగ్గుతుంది. అయితే దాని సంకేతం బలహీనం, అమ్మీ గొంతు అంతకంటే బలహీనం. ఆ రెండింటి లోటునూ ప్రీయాంపే పూడ్చాలి. చౌక ప్రీయాంపులలో గెయిన్ చివరిదాకా తిప్పితే గొంతుతోపాటు బుసబుసమనే శబ్దమూ పైకి లేస్తుంది. కనుక ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని మీటలున్నాయి అన్నది మేము చూడలేదు. గెయిన్ ఎంత, పెంచినప్పుడు రొద ఎంత అన్న రెండే చూశాము.

ఫోకస్‌రైట్ కంపెనీ 2023లో తెచ్చిన నాలుగవ తరం స్కార్లెట్‌లలో సోలో గెయిన్ 57 డెసిబెల్‌లు, 2ఐ2 గెయిన్ 69. తేడా 12, అంటే సంకేతం నాలుగింతలు. ధరలో తేడా కొన్ని వేల రూపాయలు.

ఆ మాట చెవినపడి అమ్మీ అన్నారు: “నా మాటలకింత ఖర్చా బేటా? ఆ పైసలు ఎవరి పిల్లల ఫీజుకైనా ఇవ్వరాదా?”

ఆ ప్రశ్న మమ్మల్ని రెండు రోజులు ఆపింది. దుబారా విషయంలో ఇస్లాం ఎంత కఠినమో ఆమే మాకు నేర్పారు. కూర్చుని అవసరాన్నీ, ముచ్చటనూ విడదీశాము. 192 కిలోహెర్ట్జ్ రికార్డింగ్ మాటలకు అక్కరలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లు చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ఉచితంగా లభించే ఆడాసిటీ ఉంది. ఎనిమిది మైకుల పరికరాల ఊసే లేదు. మిగిలినది సోలోనా, 2ఐ2నా అన్నదొక్కటే.

దానిని తేల్చింది మా చిన్నమ్మాయి. దాదీ కథ చెబుతుంటే అది ఊరుకోదు. “చేప లోపల చీకటా దాదీ? భయం వేయలేదా?” అని అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నలు లేకపోతే అమ్మీ కథ రెండు నిమిషాలలో ముగుస్తుంది. అవి ఉంటే అరగంట సాగుతుంది. సోలోలో ఒకే మైకుకు ప్రీయాంప్ ఉంటుంది, 2ఐ2లో రెండింటికి. పైగా ఇందులో క్లిప్ సేఫ్ అనే ఏర్పాటు ఉంది. పిల్ల హఠాత్తుగా కేక వేసినప్పుడు గెయిన్‌ను తానే తగ్గించి శబ్దం పగలకుండా కాపాడుతుంది. మనుమరాలి కోసం రెండో మైకు అని చెప్పగానే అమ్మీ అభ్యంతరం చెప్పడం మానేశారు. ఫీజు విషయం మాత్రం మరచిపోలేదు. అది వేరుగా చేయించారు.

మా లాప్‌టాప్ పాతది. దాని యూఎస్‌బీ నుండి కరెంటు చాలకపోతే ఇవ్వడానికి పరికరం వెనుక రెండో యూఎస్‌బీ-సీ రంధ్రం ఉంది. కొనేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు ఫజ్ర్ నమాజు తరువాత పడకగదిలో కూర్చుంటాము. తలుపుకు రజాయి వేలాడదీస్తాము, ఫ్యాను ఆపుతాము. మందు వేసుకున్న గంటకు అమ్మీ గొంతు కాస్త తేరుకుంటుంది, వీధిలో పాల బండ్లు అప్పటికింకా మొదలుకావు. దొరికేది ముప్పావు గంట. ఇప్పటికి పదకొండు గాథలు పూర్తయ్యాయి. యూనుస్ (అలైహిస్సలాం) గాథను మళ్లీ మొదటి నుండి చెప్పారు. దుఆ దగ్గర గొంతు తగ్గించినా ప్రతి అక్షరమూ వినబడుతోంది. మూసా (అలైహిస్సలాం) గాథ పెద్దది, వచ్చే వారం మొదలుపెడదామన్నారు.