తెగని పంచాయితీ



మొన్న ఆదివారం చింతామణిలో కలిసినప్పుడు పాత పంచాయితీ మళ్ళీ లేచింది: పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లలో ఏది గొప్ప?

బాగేపల్లి వాళ్ళది ఎప్పుడూ ఒకటే మాట, 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. కాలం, డబ్బు, చావు, పిచ్చి, బతుకంతా 43 నిమిషాల్లో ఉందంటారు. చిక్కబళ్ళాపురం వాళ్ళు 1979 నాటి 'ద వాల్'ను వదలరు. 2002లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రోజర్ వాటర్స్‌ను చూసొచ్చిన గర్వం వాళ్ళది.

మేము చింతామణి వాళ్ళం 1975 నాటి 'విష్ యు వర్ హియర్' వైపు. బ్యాండు మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడైన సిడ్ బారెట్ మనసు చెదిరి 1968లో దూరమయ్యాడు. అతని మీద కట్టిన పాట పని జరుగుతుండగానే ఒకరోజు స్టూడియోకి వచ్చాడు. గుండు, లావెక్కిన ఒళ్ళు. పాత స్నేహితులే మొదట గుర్తుపట్టలేదు.

మాకూ అలాంటివాడొకడు ఉన్నాడు. పేరెందుకు, మీకు తెలుసు. ఈ క్యాసెట్లన్నీ మాకు తెచ్చి వినిపించింది వాడే. టమాటా ధర పడి అప్పులయ్యాక సంఘానికి రావడం మానేశాడు. పోయిన నెల సంతలో ఎదురైతే, వాడు పలకరించేదాకా మేము పోల్చుకోలేదు.

పంచాయితీ తర్వాత తేల్చుకుందాం. వచ్చే ఆదివారం వాడింటికి పోతున్నాం. మీలో ఎవరెవరు వస్తారు?