పెన్న వెంబడి సముద్రమునకు

మా అనంతపురపు సీమలో చెరువులకు సముద్రములని పేరు. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువగు బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు కట్టించెనని చెప్పెడి చెరువులలో నొకటి బుక్కరాయసముద్రము; మఱియొకటి అనంతసాగరము. ఈ రెండవదానినుండియే మా యూరికి పేరు కలిగినదందురు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలపై నివసించువారు నీటిని జూచి మురిసి పెట్టుకొన్న పేర్లివి. సగరపుత్రుల కథయు, అగస్త్యుని ఆపోశనపు కథయు బాల్యముననే నేర్చినను, 2019 వేసవి వఱకు మాకు సముద్రదర్శనము లభింపలేదు.

ఆ యేడు మా చేని బోరు ఎండిపోయెను. అంతకుమునుపే రెండు బోర్లు వేయించి నష్టపడితిమి. ఇంకొకదానికని మావారు జీతములో మిగిల్చిన సొమ్ము ఇంటనుండెను. అప్పుడు డెబ్బదియేండ్ల మా అత్తగారు, “బోరు ఎప్పుడైనా వేపిస్తువులే గాని, నేను పొయ్యేలోపల ఆ సముద్రం ఒకసారి చూపీ నాయనా” అనిరి. ఆ సొమ్ములో కొంత తీసికొని, పిల్లలిద్దఱితో మేము నెల్లూరుజిల్లాలోని మైపాటికి బయలుదేరితిమి.

కర్ణాటకమున నందికొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి మైపాటికి ఉత్తరమున ఊటుకూరుచెంత సముద్రమున గలియును. మా బస్సుదారియు నించుమించుగా నా నదివెంబడిదే. తాడిపత్రిలో బుగ్గరామలింగేశ్వరుని కోవెలప్రక్క పెన్న వట్టి ఇసుకయై యుండెను. నెల్లూరి వంతెనక్రింద నీటిమడుగులు కానరాగా, మా చిన్నవాడు “అవ్వా, ఇది మన పెన్నేనా?” అని పలుమాఱు లడిగెను.

మఱునాడు తెల్లవాఱుజామున తీరమునకు బోయితిమి. సూర్యబింబము నీటిలోనుండియే లేచుచున్నట్లుండెను. అత్తగారు చెప్పులు విడిచి, నమస్కరించి, పాదములు తడుపుకొనిరి. అల వెనుకకు మఱలుచు కాళ్లక్రింది ఇసుకను లాగుకొనగా నా చేయి గట్టిగా పట్టుకొనిరి. పిమ్మట దోసెడు నీరు నోట బోసికొని యుమిసి, “ఇన్ని నీళ్లుండి ఏం లాభమే, గుక్కెడు తాగేదానికి లేవే!” అనిరి. ఆ సాయంకాలము బసలో పిల్లలు కొళాయి విప్పి యాడుకొనుచుండగా ఆమె కోపించి, తామే కట్టివేసిరి.

రెండవనాడు మేము చూచినది మఱపునకు రాదు. అలలకు కొంతదూరమున, తాటిచెట్ల చెంత, పల్లెకారు స్త్రీలు ఇసుకలో చెలమ త్రవ్వి బిందెలు నింపుకొనుచుండిరి. అత్తగారు నమ్మలేదు. వారిలో నొకతె చెంబు అందించి, “మంచినీళ్లే అవ్వా, తాగి చూడు. నిదానంగా ముంచుకోవాల, ఆశపడితే ఉప్పెక్కుద్ది” అనెను. త్రాగి చూడగా తియ్యగనే యుండెను. మావారు కారణము వివరించిరి: ఉప్పునీరు మంచినీటికంటె బరువు, మంచినీరు 1000 పాళ్లు తూగుచోట సముద్రజలము సుమారు 1025 పాళ్లు తూగును. కావున ఇసుకలో నింకిన వాననీరు దానిపై తేలియుండును. మితిమీఱి తోడినచో క్రింది ఉప్పు పైకి వచ్చును.

తిరుగుప్రయాణమున అత్తగారు చాలసేపు మాటాడలేదు. తుదకు, “ఆ యమ్మ చెప్పింది విన్నారు గదా? మనమూ ఆశపడితిమి. పైనుంచి పోసింది లేదు, అడుగునుంచి తోడిందే” అనిరి. మిగిలిన సొమ్ముతో బోరు వేయింపక, పాత బోరుచుట్టును ఇంకుడుగుంత త్రవ్వించి, గులకరాళ్లును ఇసుకయు నింపించితిమి. “నీళ్లు తోడాల్సిన డబ్బును గుంతలో పూడుస్తారా?” అని మా బావగారు నిష్ఠురమాడిరి. రెండు వానకాలములు గడచినపిమ్మట ఆ బోరు దినమునకొక గంట నీరిచ్చెను. అది పంటకు చాలదు. చీనిచెట్లు నాలుగు బ్రదుకుటకు చాలినది. ఆ నీటిని చూచియే అత్తగారు 2022లో పరమపదించిరి.

సోదరీమణులారా! సముద్రతీరమునకు బోవునపుడు త్రాగునీరు వెంట నుంచుకొనుడు. అలలకడ పిల్లల చేయి విడువకుడు. ఇంటి పెద్దలను తప్పక తీసికొనిపొండు. మేము వేడుక చూడబోయి, మా చేనికి కావలసిన బుద్ధిని తెచ్చుకొంటిమి. అది మా అత్తగారు సంపాదించి యిచ్చినదే.