చెకింగ్ అంటే దిగాల్సిందేగా

టెడ్ బండీ ఎవరో మా అమ్మాయికి బాగా తెలుసు. 1970ల్లో అమెరికాలో వరసగా ఆడపిల్లల్ని చంపి, 1989లో ఫ్లోరిడాలో కరెంటు కుర్చీలో చచ్చినవాడు. హాస్టల్లో పిల్లలంతా రాత్రిళ్లు ఆ డాక్యుమెంటరీలే చూస్తారట. "చూడ్డానికి భలే ఉంటాడమ్మా, అందుకే ఎవరూ అనుమానించలేదు" అంటుంటే నాకు ఒళ్లు మండింది. మన ఒంగోలు మున్నా తెలుసా అంటే తెలీదంది. దాని తప్పేం లేదులెండి, అప్పటికి ఉయ్యాల్లో ఉంది.

2008 నాటి సంగతి. ఒంగోలు దగ్గర చెన్నై–కలకత్తా హైవే మీద ఇనుము లోడుతో పోయే లారీలు మాయమయ్యాయి. మున్నా ముఠా అధికారుల్లా వేషం వేసుకుని, కాగితాలు చూపించమని బండి ఆపేది. డ్రైవరు దిగేవాడు. దిగక ఏం చేస్తాడు? నైలాన్ తాడుతో డ్రైవర్నీ క్లీనర్నీ గొంతు బిగించి చంపి పూడ్చిపెట్టేవాళ్లు. ఇనుము అమ్ముకుని, లారీని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేసేవాళ్లు.

బండీ కూడా ఓసారి ఇదే వేషం వేశాడట. 1974లో యూటాలో ఒక మాల్ దగ్గర పోలీసునని చెప్పి ఒకమ్మాయిని కారెక్కించుకున్నాడు. ఆ పిల్ల పెనుగులాడి బయటపడింది, తర్వాత కోర్టులో నిలబడి వీడేనని చూపించింది. మన డ్రైవర్లకి ఆ అదృష్టం లేకపోయింది.

మా దోర్నాలలో రాత్రి తొమ్మిదికి నల్లమల ఘాట్ గేటు వేస్తే తెల్లారి ఆరుకి గానీ తీయరు. రాత్రంతా రోడ్డు పక్కన లారీలే. పక్కింటి వదినా వాళ్లాయనదీ లారీ బతుకే. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో "చీకట్లో ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దు" అని వదిన పోరు పెట్టేది. "ఆపకపోతే కేసు రాస్తారు, ఆపితే ప్రాణం పోతుందంటావు, నన్నేం చేయమంటావే?" అనేవాడాయన. దానికి వదిన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

నన్ను ఇంకా గుచ్చేది వేరే ఉంది. లారీ రాలేదని యజమాని ఫిర్యాదు ఇచ్చాక తీగ కదిలింది. లారీకి నంబరుంది, లోడుకి బిల్లుంది, ఫలానా రోజుకి చేరాలని లెక్కుంది. డ్రైవరు పెళ్లాం దగ్గర ఏ లెక్కుంటుంది? పదిరోజులు ఫోన్ రాకపోయినా తిరుగు లోడు కోసం ఆగాడేమో అనుకుంటుంది. ఎవరైనా అడిగితే వస్తాడులే అంటుంది. పొయ్యి మీద ఎసరు మాత్రం ఒక మనిషికి ఎక్కువే పెడుతుంది.

2021 మే 24న ఒంగోలు కోర్టు మున్నాతో కలిపి 12 మందికి ఉరిశిక్ష వేసింది. హైదరాబాదుకో బొంబాయికో పోయిన కేసు కాదు, మన జిల్లా కోర్టే. అయినా దాదాపు పదమూడేళ్లు పట్టింది. నాన్న పోయిన ఏడు పలక పట్టిన పిల్ల ఆ తీర్పు నాటికి డిగ్రీకి వచ్చుంటుంది. శిక్ష పడిందని విన్న రోజు ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం చేసుంటారు? అన్నం వండుకుని తినే ఉంటారు, ఇంకేం చేస్తారు.

వదిన ఇప్పటికీ ఆయన బండెక్కే ముందు లారీ నంబరు, ఏం లోడు, ఏ ఊరికి, ఎన్నాళ్లకి అని అడిగి, వంటింట్లో క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసుకుంటుంది.