ఐదో ప్లేటు

దసరాకి ముందు ఓ రోజు తెనాలి నుంచి మామయ్య ఫోన్.
"ఒరేయ్, మనం లక్షాధికారులమైపోయాం!"

విషయం ఏమిటంటే... తాతయ్య ఇల్లు అమ్మకానికి పెట్టారు. అటక ఖాళీ చేస్తుంటే రేకుపెట్టెలో గ్రామఫోను ప్లేట్లు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మీద 'గౌహర్ జాన్' అని ఉంది. ఆవిడెవరో మామయ్యకి సెల్‌ఫోన్ చెప్పింది. పాత ప్లేట్లు లక్షలు పలుకుతాయని ఎవరో వీడియోలో ఊదరగొట్టారట. అమ్మమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఖర్చు దీంతో గట్టెక్కుతుందని ఆయన లెక్క. "పేపర్లో పనిచేస్తావుగా, నలుగురూ తెలుస్తారు, ధర కట్టించు" అంటూ పెట్టెని బస్సులో వేసేశాడు. గట్టిగా తగిలితే పెంకుల్లా పగిలే లక్క ప్లేట్లని బస్సులో! పాత దుప్పట్లు కుక్కాడు కాబట్టి బతికాయి.

సికింద్రాబాద్‌లో ఓ పెద్దాయన ఉన్నారు. రైల్వేలో రిటైరయ్యారు. ఇల్లంతా ప్లేట్లే. గౌహర్ జాన్ ప్లేటుని ఆయన ముందు పాటగా చూడలేదు, వస్తువుగా చూశారు. అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో వాలుగా తిప్పారు. నలుపు నిగనిగలాడాలి. గాళ్లు బూడిదరంగుకి తిరిగాయంటే ముల్లు తినేసిందన్నమాట. స్టీలు ముల్లుని ఒక్కో పాటకీ మార్చాలి. పొదుపు కోసం మన పెద్దలు ఒకే ముల్లుతో వారం రోజులు లాగించేవారు! జుట్టంత పగులున్నా విలువ పడిపోతుంది. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగి అసలుకే మోసం.

"కుక్క బొమ్మ ఉందిగా బాబూ... ఇది తొలి అచ్చు కాదు" అన్నారు.

మొదటి రోజుల ప్లేట్ల మీద ఈకతో పళ్లెంపై రాస్తున్న దేవదూత బొమ్మ ఉండేది. పాట ఒకవైపే. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ పాట రికార్డు చేశాడు. మొట్టమొదటి గొంతు మాత్రం ఆవిడది కాదు. కాస్త ముందే శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు థియేటర్ అమ్మాయిలు పాడారు. వాళ్ల పేర్లు ఇప్పుడు ఎందరికి తెలుసు?

గౌహర్ పాటలు తెగ అమ్ముడుపోయాయి. జనం అడిగినన్నాళ్లూ కంపెనీ అచ్చేస్తూనే పోయింది. మామయ్య లెక్క తప్పింది అక్కడే. ఎంత పేరుంటే అన్ని ప్లేట్లు, ఎన్ని ప్లేట్లుంటే అంత చవక. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. ఆ రోజుల్లో ఎవరూ కొనని పాటే ఇవాళ దొరకదు.

ధర విన్నాక మామయ్య లక్షలోంచి రెండు సున్నాలు కొట్టేశాను.

"వినండి, విన్నందుకు డబ్బులడగను" అని ఆయన పెట్టెకి కీ ఇచ్చారు. చిటపటల వెనకనుంచి గొంతు లేచింది. అప్పట్లో మైకు లేదు. గొట్టంలోకి గొంతెత్తి పాడాల్సిందే. మూడు నిమిషాల్లో రాగమంతా తేల్చేయాలి. పాట అయిపోతుందనగా టక్కున, 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్!' ఒళ్లు ఝల్లుమంది. తొలినాళ్లలో మైనం పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లేవి. ప్లేట్లు అక్కడ అచ్చయ్యేవి. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకి తెలియడానికే ఆ కేక అంటారు. 1908లో కలకత్తా సీల్దాలో ఫ్యాక్టరీ వచ్చింది. అంత వెలుగు వెలిగిన మనిషి చివరికి మైసూరు మహారాజు ఆశ్రయంలో, 1930లో పోయారు.

ఆయన కళ్లు పెట్టె అడుగుకి పోయాయి. "ఇదేంటి?"

హరిశ్చంద్ర నాటకం సెట్టు. సినిమాకి ముందు, సినిమా వచ్చిన కొత్తలోనూ నాటకాన్ని ముక్కలు చేసి వరస ప్లేట్లుగా అమ్మేవారు. లేబుళ్లు చెదలు తినేశాయి. పాడినవాళ్ల పేర్లు కూడా మిగల్లేదు. ఆయన మాత్రం గౌహర్‌ని పక్కనపెట్టి వీటిని ఒళ్లోకి తీసుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆరు.

"ఐదోది ఏది? సెట్టు పూర్తిగా ఉంటే మాట వేరు బాబూ. ఇలాంటివి ఎవరూ దాచలేదు. ఒక్కటి పోయినా సగం కూడా రాదు."

"పోయిందండీ" అన్నాను.

పోలేదు. ఎనిమిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో నేను కృష్ణుణ్ణి. ఐదో ప్లేటు సుదర్శన చక్రం. శిశుపాలుడు బావి గట్టు. తాతయ్య నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. ముక్కలన్నీ తువ్వాలులో ఏరుకుని లోపలికెళ్లిపోయారు. ఆ తర్వాత ఎప్పుడు సెట్టు పెట్టినా, నాలుగో ప్లేటు అయ్యాక ముల్లు ఎత్తి పక్కన పెట్టేవారు. ఐదో ప్లేట్లోని పద్యాలు, రెండువైపులవీ, తనే పాడేవారు. గొంతు అంత గొప్పదేం కాదు. పైస్థాయికి పోలేక దగ్గేవారు. అయ్యాక ఆరోది పెట్టేవారు. అది నాటకంలో భాగమేననుకుని వినేవాళ్లం. అప్పటికే ఊళ్లో క్యాసెట్లు వచ్చేశాయి. ఒక్కరికీ రికార్డు చేద్దామని తోచలేదు.

రాత్రి మామయ్యకి ధర చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆ నాటకం సెట్టు నిండుగా ఉండుంటేనో?"

"ఎక్కువే వచ్చేదట."

"నీ చక్రం ఖరీదు ఇన్నాళ్లకి తెలిసిందిరా" అని నవ్వాడు. ఆపరేషన్‌కి తలా కాస్త వేసుకుందామని తేల్చాం. నా వాటా కొంచెం ఎక్కువ ఉండాలన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.

గౌహర్ జాన్‌ని పెద్దాయన దగ్గరే వదిలేశాను. హరిశ్చంద్ర మా బీరువాలో ఉంది. ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టమన్నారాయన. నిలబెట్టాను. నాలుగుకీ ఆరుకీ మధ్య ఓ ఖాళీ అట్ట కవరు పెట్టాను.